మూతలో లైటు

పొదుపు మంచి గుణమే. మా ఆవిడకు ఉండేది. ఒక్క అగ్గిపుల్లతో దేవుడి దీపం, అగరొత్తి, పొయ్యి మూడూ వెలిగించేది. కానీ పొయ్యిని కూడా తీసేస్తే ఇంకా పొదుపని ఆమెకు ఎప్పుడూ తోచలేదు. అంత దూరం ఆలోచించడానికి ప్రభుత్వోద్యోగం ఉండాలి.

కిందటి వేసవిలో మా పురపాలక సంఘానికి పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. "ఏ వస్తువులోనూ, ఏ వ్యవస్థలోనూ కనీస అవసరమునకు మించిన భాగము ఉండరాదు. ఉన్నచో దానిని మిగులుగా గుర్తించి తొలగించవలెను." రాసిన మహానుభావుడు మంచి మనసుతోనే రాసి ఉంటాడు. మా ఊరు చేరేసరికి అది వేదవాక్యమైంది. వారం తిరక్కుండా ఆఫీసు కుర్చీలకు చేతులు పోయాయి. కూర్చునేవాడికి రెండు చేతులున్నాక కుర్చీకి మళ్ళీ రెండెందుకన్నారు. గోడగడియారానికి సెకన్ల ముల్లు పోయింది. ఆ ఆఫీసులో సెకన్లతో ఎవరికీ పని పడ్డ దాఖలా లేదు కనుక అది న్యాయమే. సీలింగు ఫ్యానుకు మూడో రెక్క పీకారు. అది తిరగడంతో పాటు ఊగడం కూడా మొదలుపెట్టింది. కింద కూర్చున్నవాళ్ళు గాలి సంగతి మరిచిపోయి ప్రాణం సంగతి చూసుకునేవారు.

సర్క్యులర్ అమలుకు ప్రత్యేకాధికారిగా వచ్చినాయన తటవర్తి దక్షిణామూర్తి గారు. నిష్ఠాపరుడు. ముందు తన బల్ల మీది పేరుపలకనే కోయించుకున్నారు. కోసినవాడి చేతివాటం వల్ల 'దక్షిణ' వరకే మిగిలింది. పనుల మీద వచ్చినవాళ్ళు దాన్ని చూసి నిట్టూర్చి జేబులో చెయ్యి పెట్టేవారు. పాపం, ఆయన ఎవరి దగ్గరా పైసా పుచ్చుకునే మనిషి కాదు. ఆ బాధతోనే రక్తపోటు తెచ్చుకున్నారు.

నాకు ఆ ఆఫీసుతో పని పడింది ఫోటోల వల్ల. మా ఊళ్ళో ప్రభా స్టూడియో దావీదు గారని ఉండేవారు. పెళ్ళిళ్ళు, బారసాలలు, స్కూలు గ్రూపులు, ఆటలపోటీలు అన్నీ ఆయనే తీసేవారు. ఆయన పోయాక కూతురు నెగెటివులన్నీ బిస్కెట్ డబ్బాలతో సహా మునిసిపాలిటీకి అప్పగించింది. సంఘం వారు దానికి 'పురజ్ఞాపక భాండాగారం' అని పేరు పెట్టి, అన్నిటినీ డిజిటల్ చేస్తామని పేపరులో వేయించారు. చవకలో ఒక స్కానరు కొనాలి. ఎంపికకు కమిటీ వేశారు. దక్షిణామూర్తి గారు అధ్యక్షులు, అకౌంట్స్ ఆఫీసరు నాగమల్లేశ్వరి గారు ఒక సభ్యురాలు, నేను పౌర ప్రతినిధిని. సహకార బ్యాంకులో పని చేసి రిటైరైన నాకు ఆ గౌరవం దక్కడానికి కారణం, కాలేజీ రోజుల్లో ఫోటోగ్రఫీ క్లబ్బు చీకటిగదిలో ఫిల్ములు కడిగి ఉండడం. ఊళ్ళో ఆ పని తెలిసినవాళ్ళలో ఇంకా కదులుతున్నది నేనే.

నిజం చెప్పాలంటే నేను ఒప్పుకున్నది ఊరి కోసం కాదు, మా ఆవిడ వకుళ కోసం. పెళ్ళికి ముందు ఆమె పంద్రాగస్టు ఆటల్లో స్లో సైకిలు పోటీలో మొదటి బహుమతి కొట్టింది. కాలు కింద మోపకుండా అందరికంటే చివర గీత చేరినవాళ్ళే గెలిచే పోటీ అది. దావీదు గారు ఫోటో తీశారు. పుట్టింటి గోడ మీద ఉన్న ఆ ఫోటోను తుఫాను పట్టుకుపోయింది. పెళ్ళయ్యాక వకుళ మళ్ళీ సైకిలెక్కలేదు. "అప్పటి నన్ను మీరు చూడనేలేదు" అనేది. నేనింకా సర్వీసులో ఉండగానే కన్నుమూసింది. ఆ డబ్బాల్లో ఎక్కడో ఆ నెగెటివు ఉంది. కానీ డబ్బాల దగ్గర ఇప్పటికే పులిసిన గంజి వాసన. ఫిల్ము కుళ్ళడం మొదలైతే అలాగే వస్తుంది. వంకర్లు తిరిగి, పొరలు లేచి, బొమ్మ పోతుంది. ఇంకో వానాకాలం ఆగేలా లేవు.

మొదటిరోజే దక్షిణామూర్తి గారిని అడిగాను. "ఒక్కసారి కిటికీ దగ్గర పెట్టి చూసుకుంటానండీ. చేత్తో గీతలు పడనివ్వను."

"భుజంగరావు గారూ, మీ మనోభావాలను ఈ కార్యాలయం సముచితంగా గౌరవిస్తుంది. కానీ ఆస్తి సీలులో ఉంది. పౌరులకు డిజిటల్ రూపంలోనే దర్శనం" అన్నారాయన. అని, నా కుర్చీని ఫ్యాను కింద నుంచి తీయించి గోడవారకు వేయించారు. ప్రభుత్వం వల్ల నాకు కలిగిన మేళ్ళలో దాన్ని ఒకటిగా లెక్కేసుకుంటాను.

*

బజారులో కంప్యూటర్ షాపు షరీఫ్ గారు మూడు యంత్రాలు తెచ్చి బల్ల మీద వరసగా పెట్టారు. ఒకటి ప్రింటరూ స్కానరూ కలిసినది. రెండోది కాగితాలు స్కాన్ చేసే మామూలు పలక స్కానరు. మూడోదానికి మూత లోపల కూడా లైటుంది, ఫిల్ము ముక్కలు పెట్టుకునే ప్లాస్టిక్ చట్రం ఉంది. ధర రెండోదానికి మూడింతలు. అయినా పెద్ద స్టూడియోలు వాడే యంత్రాల పక్కన పెడితే చాలా చవక.

"ఈ మూడోదే కావాలండీ" అన్నాను. "కాగితమైతే కిందినుంచి వెలుగు పడి తిరిగి వస్తుంది, చాలు. ఫిల్ము అలా కాదు. వెలుగు దానిలోంచి దూరి రావాలి. అందుకే మూతలో లైటు."

నాగమల్లేశ్వరి గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "అంటే ఈ మెషీన్లో లైట్లు రెండాండీ?"

"అవునమ్మా. కిందొకటి, పైనొకటి."

"రెండూ ఒకేసారి వెలుగుతాయా?"

"వెలగవు మేడమ్" అన్నారు షరీఫ్ గారు అమాయకంగా. "కాగితానికి కిందిది, ఫిల్ముకి పైది."

"చూశారా సార్! ఎప్పుడు చూసినా ఒకటి ఖాళీగా కూర్చుంటోంది. మనం రెండింటికీ జీతమివ్వాలి."

దక్షిణామూర్తి గారు కళ్ళు మూసుకుని సర్క్యులర్ ఆత్మను ఆవాహన చేశారు. "సూర్యభగవానుడు ఒక్కడే ఉండి సమస్త లోకానికీ చాలడం లేదా?"

"రాత్రిపూట చాలట్లేదు గదా సార్" అన్నారు షరీఫ్ గారు.

"రాత్రిపూట ఆఫీసుండదు."

ఇక చట్రం సంగతి వచ్చింది. వంకర తిరిగిన ఫిల్మును చదునుగా పట్టి ఉంచడానికని చెప్పాను. "మన స్టాఫుకే కుర్చీ చేతుల్లేవు. ఫిల్ముకు ఊతం కావలసొచ్చిందా?" అన్నారు నాగమల్లేశ్వరి గారు. తర్వాత అంగుళానికి ఎన్ని చుక్కలు అన్న చర్చ. పెట్టె మీద వేసిన అంకెలో నిజంగా పనికొచ్చేది సగమేనని ఉన్నమాట చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"అయితే సగం అబద్ధమేగా! ఆ సగం మిగులు. ధరలో కొట్టెయ్యండి."

"మేడమ్, అబద్ధానికి మేము ధర వెయ్యలేదండీ. అది కంపెనీవాడు ఊరికే ఇస్తాడు" అన్నారు షరీఫ్ గారు.

చివరికి రెండోదాన్ని ఖాయం చేశారు. బేరం అక్కడితో ఆగినా బాగుండేది. నాగమల్లేశ్వరి గారికి ఇంకో సందేహం వచ్చింది. "మూతలో లైటే లేనప్పుడు మూతెందుకండీ?"

దక్షిణామూర్తి గారు ఆవిడ వంక శిష్యురాలిని చూసిన గురువులా చూశారు. మూత ఊడదీసి షరీఫ్ గారి చేతికిచ్చి, ధర తగ్గించమన్నారు. ఆయన ఆ మూతను చంకలో పెట్టుకుని వెళ్తూ నా చెవిలో, "సార్, ముప్ఫయ్యేళ్ళ నుంచి షాపు నడుపుతున్నానండి. కొన్నాక ఊడిపోయిన మూతలు చూశాను గానీ, కొనకముందే ఊడదీసిన మూత ఇదే" అన్నారు.

నేను అసమ్మతి తెలిపాను. మినిట్స్‌లో ఇలా రాశారు: 'పౌర ప్రతినిధి వెలుతురు పట్ల తమకు గల వ్యక్తిగత మక్కువను వ్యక్తపరచినారు. కమిటీ నమోదు చేసుకున్నది.'

*

మొదటి నెగెటివును అటెండరు సింహాద్రి పలక మీద పెట్టాడు. యంత్రం కింద లైటు ఇటునుంచి అటు పాకింది. కంప్యూటరు తెర మీద నల్లటి చదరం వచ్చింది. బొగ్గు నలుపు. అందులో ఒక మనిషి కాదు కదా, మనిషి నీడ కూడా లేదు.

"ఏటి బాబూ, ఏటీ అగుపడ్డం లేదు" అన్నాడు సింహాద్రి.

"అగుపడడం మన పరిధిలోకి రాదు" అన్నారు దక్షిణామూర్తి గారు. "మనది స్కానింగ్ విభాగం. వీక్షణ విభాగమని ఒకటి ప్రతిపాదనలో ఉండేది. మిగులుగా తేలి తొలగించాం."

"కానీ నల్లగా వచ్చిందండీ" అన్నాను.

"నెగెటివు కూడా నల్లగానే ఉంది కదా? యంత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఈ రోజుల్లో అంత నిజాయితీ ఎవరిలో ఉంది, చెప్పండి?"

నేను నా సెల్‌ఫోను తీశాను. తెల్లటి తెర వెలిగించి ఫిల్ము మీద బోర్లిస్తే కొంతైనా పని జరుగుతుంది. ఆ మాట పూర్తికాకముందే నాగమల్లేశ్వరి గారు అడ్డుపడ్డారు. "ప్రైవేటు వెలుతురు ప్రభుత్వ యంత్రంలోకి పోనివ్వకూడదండీ. రేపు ఆడిట్లో ఈ వెలుతురు ఎక్కడిదని అడిగితే నేనేం చెప్పను?" అంటూనే తన ఫ్లాస్కులోంచి నాకు చక్కెర లేని కాఫీ పోసిచ్చారు. నాకు షుగరని ఎప్పుడో ఒకసారి అన్నాను, గుర్తు పెట్టుకున్నారు. ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. కాఫీ అడ్డొచ్చేది.

నెల తిరిగేసరికి డబ్బాలన్నీ స్కానయ్యాయి. నల్లటి ఫైళ్ళతో కంప్యూటరు నిండింది. నిండడమంటే మిగులు పెరగడమే. నాగమల్లేశ్వరి గారు ఒకేలాంటి ఫైళ్ళను ఏరి తొలగించే ప్రోగ్రామొకటి తెప్పించి నడిపించారు. అది ఒక పూటంతా ఆలోచించి తీర్పు చెప్పింది.

"సార్, అన్నీ ఒకటేనట!"

"అన్నీనా?"

"ఒక్కటి మిగిల్చి తక్కినవన్నీ తీసెయ్యొచ్చంటోంది సార్."

దక్షిణామూర్తి గారి కళ్ళు చెమర్చాయి. "ఒక ఊరి చరిత్ర యావత్తూ ఒక్క ఫైలు! ఏ పురపాలక సంఘం సాధించింది చెప్పండి ఇది?"

"అందులో మా ఆవిడ కూడా ఉందండీ" అన్నాను.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. "ఉన్నారు భుజంగరావు గారూ. అందరూ ఉన్నారు. ఇరుకని కూడా లేకుండా సర్దుకుని ఉన్నారు."

*

భాండాగారం ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చారు. టౌను హాలు కిక్కిరిసింది. ఊరు ఊరంతా తమ తాతల్నీ తల్లుల్నీ చూసుకోవాలని వచ్చి కూర్చుంది. మంత్రిగారు మీట నొక్కారు. పెద్ద తెర నల్లబడింది.

"కరెంటు పోయిందిరా" అన్నారెవరో.

"పోలేదెహె, ఫ్యాను ఊగుతోంది చూడు" అన్నారింకెవరో.

మంత్రిగారు అనుభవజ్ఞులు. తెర వంకా, జనం వంకా, వాచీ వంకా చూసుకుని మైకందుకున్నారు. "సోదరులారా! ఈ చిత్రంలో మీకు కులం కనపడుతోందా?"

"లేదు!"

"మతం కనపడుతోందా?"

"లేదు!"

"పేదా గొప్పా తేడా కనపడుతోందా? అదీ మా ప్రభుత్వమంటే!"

చప్పట్లకు టౌను హాలు రేకులు అదిరాయి. నా పక్కన కూర్చున్న గంధం వ్యాపారి మాత్రం, "మా అమ్మాయి పెళ్ళి ఫోటోలో మా వియ్యంకుడు ఎప్పుడూ నాకు అడ్డొచ్చేవాడు మాస్టారూ. ఇందులో రాలేదు. బాగుంది" అని సంతోషించాడు.

జనం వెళ్ళిపోతుంటే ఒక ముసలామె వేదిక దగ్గరకు నడిచి వచ్చింది. "బాబూ, మా ఆయన రిక్షా లాగేవోడు. దావీదు బాబు ఓపాలి ఫోటో తీసేడు. ఇందులో ఏ మూలున్నాడు?"

దక్షిణామూర్తి గారు జవాబు కోసం కాగితాలు తడుముకున్నారు. దొరకలేదు. "కుడిపక్కన, అమ్మా" అన్నారు.

ఆమె నల్లటి తెరకు కుడిపక్కన నిలబడి చేతులు జోడించింది. దక్షిణామూర్తి గారు తలొంచుకుని నిలబడి ఉండడం నేను చూశాను. ఆ రోజు ఆయనను చూడడం అదే చివరిసారి. మంత్రిగారితో పాటు ఆయన భోజనానికి వెళ్ళలేదు.

*

మర్నాడు సింహాద్రి ఫోను చేశాడు. "బాబూ, బేగి రండి. డబ్బాలన్నీ పాత సామాన్లోడికి ఇచ్చేత్తన్నారు. కంప్యూటర్లో ఎక్కిపోనాక ఇయ్యి మిగులంట."

ఆటో కట్టించుకుని వెళ్ళేసరికి ఆవరణలో తగువు నడుస్తోంది. పాత సామాన్లవాడు రేకు డబ్బాలకే ధర కట్టాడు. "లోపలి చెత్తతో నాకేం పని? ఖాళీ చేసియ్యండి" అంటున్నాడు. పారిశుద్ధ్యం వాళ్ళను పిలిచారు. ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక డబ్బా మూత తీసి వాసన చూశాడు. "పులుపు కొడుతోంది, తడిచెత్త బండిలో వేద్దామంటే తడి లేదు. పొడిచెత్త బండిలో వేద్దామంటే కుళ్ళింది. మా బళ్ళు రెండే సార్. మూడోదాన్ని మిగులని మీరే తీసేశారు" అని చక్కా పోయాడు. కాల్చేద్దామని ఎవరో సలహా ఇచ్చారు. సింహాద్రి అగ్గిపెట్టె వెతుకుతున్నట్టు చాలాసేపు నటించాడు.

"నేను ఖాళీ చేసిస్తానండీ" అన్నాను. "ఫిల్ములన్నీ మోసుకుపోతాను. ఆటో ఖర్చు నాదే."

దక్షిణామూర్తి గారి ముఖం వెలిగి, అంతలోనే మబ్బు పట్టింది. నాగమల్లేశ్వరి గారు సర్క్యులర్ చేతిలో పట్టుకుని ఉన్నారు.

"ఒక చిక్కుందండీ" అన్నారావిడ. "ఇవి మీకు అవసరమా?"

"అదేమిటమ్మా…"

"కాదండీ, రూలు ప్రకారం అడుగుతున్నాను. ఎవరికైనా అవసరమైతే ఇవి మిగులు కావు. మిగులు కాకపోతే బయటికివ్వడం కుదరదు. మళ్ళీ సీలెయ్యాలి."

మళ్ళీ సీలంటే మళ్ళీ వానాకాలం. నేను డబ్బాల వంక చూశాను. వాటిలో ఎక్కడో ఒక ఇరవయ్యేళ్ళ పిల్ల కాలు కింద మోపకుండా సైకిలు మీద నిలబడి ఉంది.

"భుజంగరావు గారూ, సూటిగా చెప్పండి" అన్నారు దక్షిణామూర్తి గారు. "వీటితో మీకేమైనా అవసరముందా?"

"లేదండీ" అన్నాను.

"ఏ విధమైన అవసరమూ?"

"ఏ విధమైన అవసరమూ లేదు."

ఆ మాట నా నోటినుంచే వచ్చింది. ఇంటికెళ్ళి ఆమె పటం ముందు క్షమాపణ చెప్పుకోవచ్చనుకున్నాను. అయినా వకుళకు ఆఫీసుల సంగతి బాగా తెలుసు. రేషన్ కార్డులో ఆమె పేరు మూడేళ్ళ పాటు పురుషుల గడిలో ఉంది.

వీటిని ఎన్నడూ, ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబోనని నా చేత రాయించుకుని సంతకం తీసుకున్నారు. అంత మనస్ఫూర్తిగా నేను దేనిమీదా సంతకం పెట్టలేదు.

*

ఆ సాయంత్రమే షరీఫ్ గారు ఆ మూడో యంత్రాన్ని స్కూటరు మీద పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. "షాపులో జాగా లేదు సార్. కొనేవాడు దొరికేదాకా మీ దగ్గరుంచుకోండి. వాడకపోతే పాడైపోద్ది, కాస్త వాడుతుండండి" అన్నారు. ఆయన షాపులో జాగా పుష్కలంగా ఉందని నాకు తెలుసు. యంత్రాన్ని ముందుగదిలో బల్ల మీద పెట్టించాను. కానీ అందులో పెట్టేముందు ఫిల్ములు వేరుచేయాలి, మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపాలి, అంటుకున్నవాటిని విడదీయాలి. వరండాలో తెల్లటి దుప్పటి పరిచి, తూర్పు కిటికీ వెలుతురులో మొదలుపెట్టాను.

కబురు పాకింది. రోజూ ఎవరో ఒకరు వస్తున్నారు. రిక్షా ఆయన దొరికాడు. సీటు మీద తనే దొరలా కూర్చుని, కాళ్ళు చాపుకుని ఉన్నాడు. ఆ ముసలామె ఆ ఫోటో పట్టుకెళ్తూ, "నల్లటిదాన్లో కుడిపక్కనన్నారు గానీ, ఎడంపక్కనుంటాడేమో అనుకున్నాను బాబూ" అంది.

ఆదివారం పొద్దున్న గేటు దగ్గర దక్షిణామూర్తి గారు నిలబడి ఉన్నారు. లుంగీ, బనియను మీద తువ్వాలు. ఆయనను ఆఫీసు బట్టల్లో తప్ప ఎప్పుడూ చూడలేదేమో, ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను.

"నేను అధికారిగా రాలేదండీ" అన్నారు. "మా అమ్మగారు ఈ ఊరి ఆడపడుచే. చిన్నప్పుడు దావీదు గారి స్టూడియోలో ఒక ఫోటో తీయించుకున్నారట. నా దగ్గర ఆవిడది ఒక్కటీ లేదు."

నాకు చిలిపితనం పుట్టింది. "మీకు అవసరమా అండీ?"

ఆయన నా వంక చూశారు. "లేదండీ. ఏ విధమైన అవసరమూ లేదు."

"అయితే రండి, కూర్చోండి."

ఇద్దరం దుప్పటికి చెరోపక్కా కూర్చున్నాం. ఆయనకు అంచులు పట్టుకోవడం చూపించాను. మనిషి నిష్ఠాపరుడని చెప్పాను కదా, వేలిముద్ర పడకుండా ఒక్కొక్కటీ కిటికీకి ఎత్తి, పసిపిల్లను దించినట్టు దించుతున్నారు. నేను రెండుసార్లు కాఫీ కలిపాను. వాళ్ళమ్మగారు దొరకలేదు. రేపు ఆఫీసయ్యాక మళ్ళీ వస్తానన్నారు, అంటూనే ఇంకో ముక్క తీశారు.

"ఇదేదో తమాషాగా ఉందండీ. ఆటలపోటీలా ఉంది. మిగిలినవాళ్ళంతా కాళ్ళు కింద మోపేశారు. ఈవిడొక్కత్తే మోపలేదు. ఎవరో గానీ గట్టావిడండీ! జుట్టు ముగ్గుబుట్టయిన వయసులో సైకిలెక్కి నవ్వుతోంది, చూడండి."

నేను అందుకుని వెలుతురుకు పెట్టాను. నెగెటివు కదా, నలుపంతా తెలుపై, తెలుపంతా నలుపై ఉంది. మగవాళ్ళ సైకిలు. నడుములో దోపిన వోణీ. పక్కకు వంచిన మెడ. తలంతా తెల్లగా, మెరుస్తూ, నెత్తిన మల్లెచెండు పెట్టుకున్నట్టుంది. వకుళ పోయేనాటికి ఆమె తలలో ఒక్క తెల్లవెంట్రుక లేదు.

"ఎవరండీ ఈవిడ?" అన్నారు దక్షిణామూర్తి గారు.

"మా ఆవిడండీ" అన్నాను.